తేదీ ఒకటే, రోజు వేరు: వార్షికోత్సవాల వెనుక లెక్కలు

ఏటా ఫిబ్రవరి 28న దేశమంతటా జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు ప్రత్యేకత ఏమిటని అడిగితే సర్ సి.వి. రామన్ పుట్టినరోజు అని చెప్పేవారు ఇప్పటికీ కనిపిస్తారు. రామన్ పుట్టింది 1888 నవంబర్ 7న. ఫిబ్రవరి 28 ఆయన పేరుతో ప్రసిద్ధమైన ‘రామన్ ఫలితం’ పుట్టినరోజు. కానీ ఒక ఆవిష్కరణకు పుట్టినరోజు ఎలా నిర్ణయిస్తారు? శిశువు పుట్టిన ఘడియను చూసి రాసుకున్నట్టు దాన్ని రాసుకోవడం కుదురుతుందా?

1928లో కలకత్తాలోని 210, బౌబజార్ వీధిలో ఉన్న ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో ఏం జరిగిందో చూద్దాం. రామన్, ఆయన శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ ద్రవాల మీద వెలుతురును ప్రసరింపజేసి, అది ఎలా చెదురుతుందో పరిశీలిస్తున్నారు. పడిన వెలుతురులో లేని రంగు, చెదిరి వచ్చిన వెలుతురులో మసకగా కనిపిస్తోంది. ఇలాంటి ఛాయలు ఆ ప్రయోగశాలలో 1923 నుంచే కనబడుతున్నా, ద్రవంలోని మలినాల వల్ల వచ్చే ప్రతిదీప్తి కావచ్చని భావించారు. 1928 ఫిబ్రవరి మొదటి వారానికి అది ప్రతిదీప్తి కాదన్న నమ్మకం కుదిరింది. ఫిబ్రవరి 16న ‘నేచర్’ పత్రికకు లేఖ పంపారు. అది అచ్చయింది మార్చి 31న.

మరి 28న ఏం జరిగింది? ఆ మధ్యాహ్నం వారు వడపోత గాజుల జతతో, లోపలికి పోయే వెలుతురును బాగా ఇరుకైన రంగుల పట్టీకి కుదించారు. చెదిరిన వెలుతురును చిన్న వర్ణపటదర్శినితో చూశారు. అసలు వెలుతురు ఒక చోట, మార్పు చెందిన వెలుతురు మరో చోట, రెండింటి మధ్య స్పష్టమైన చీకటి పట్టీ. అప్పటిదాకా ‘ఏదో ఉంది’ అనిపించినది ఆ రోజు ‘ఇదిగో’ అని వేలు పెట్టి చూపించేలా కనిపించింది. కృష్ణన్ రాసుకున్న దినచర్య వల్లనే మనకు ఈ వివరాలు తెలుస్తున్నాయి. వార్త పత్రికలకు చేరింది మర్నాడు.

మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే దృగ్విషయాన్ని ఫిబ్రవరి 21న, అంటే వారం ముందే గమనించారు. అయితే వారి వ్యాసం రామన్ బృందం ప్రకటనల తర్వాత వచ్చింది. అందువల్ల ఈ ఆవిష్కరణ తేదీ కోసం వెతికితే మన చేతికి ఒక్క రోజు కాదు, అరడజను రోజులు వస్తాయి. 1986లో నేషనల్ కౌన్సిల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ కమ్యూనికేషన్ సూచనను ప్రభుత్వం అంగీకరించి 28వ తేదీని ఖాయం చేసింది. తొలి వేడుక 1987లో జరిగింది. ఎంపిక సరైనదే. పైగా 1928 లీపు సంవత్సరం. పత్రికలకు చెప్పిన రోజును లెక్కలోకి తీసుకుని ఉంటే మనం విజ్ఞాన దినోత్సవాన్ని నాలుగేళ్లకోసారి జరుపుకోవాల్సి వచ్చేది!

‘చరిత్రలో ఈ రోజు’ అంటూ ప్రతి ఉదయం ఫోన్‌లోకి వచ్చిపడే జాబితాల్లో ఈ వెనకటి కథ ఉండదు. అక్కడ ప్రతి తేదీ రాతి మీద చెక్కినట్టు కనిపిస్తుంది. నిజానికి ప్రతి వార్షికోత్సవం వెనుక మూడు ఎంపికలు ఉంటాయి: ఘటనలో ఏ క్షణాన్ని లెక్కపెట్టాలి, ఏ ఊరి గడియారాన్ని చూడాలి, ఏ క్యాలెండర్‌ను నమ్మాలి.

హీలియం ఎప్పుడు పుట్టింది?

మొదటి ఎంపికకు మన నేల మీదే మరో మంచి ఉదాహరణ ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం దక్షిణ భారతం మీదుగా సాగింది. ఫ్రెంచ్ ఖగోళవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులు సిద్ధం చేసుకున్నారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన రేఖలు కనిపించాయి. ఆ ఆధారంతో ‘హీలియంను 1868 ఆగస్టు 18న గుంటూరులో కనుగొన్నారు’ అనే వాక్యం వ్యాప్తిలోకి వచ్చింది. వినడానికి మనకు గర్వంగానే ఉంటుంది. కానీ గుంటూరుకు నిజంగా దక్కాల్సిన ఘనత వేరు.

ఆ రేఖలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు, ఆగస్టు 19న, మామూలు పగటి సూర్యుడిలోనే వాటిని చూశాడు. సూర్యుణ్ణి అధ్యయనం చేయడానికి గ్రహణాల కోసం ఏళ్ల తరబడి వేచి ఉండే అవసరం ఆ రోజుతో తీరింది. ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ ఇదే పద్ధతిని స్వతంత్రంగా సాధించి అక్టోబర్ 20న ఆ రేఖలను చూశాడు. ఇద్దరి సమాచారమూ పారిస్‌లోని సైన్స్ అకాడమీకి ఒకే రోజున అందింది.

ఇక హీలియం సంగతి. గ్రహణం రోజున చాలామంది పసుపు రేఖను చూశారు గానీ అది సోడియం రేఖే అనుకున్నారు. అది సోడియం ఉండాల్సిన చోట లేదనీ, కొంచెం పక్కకు ఉందనీ తేల్చినవాడు లాకియర్. భూమి మీద తెలియని మూలకం సూర్యుడిలో ఉందన్న ఊహ అక్కడి నుంచి మొదలైంది. విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును వెలికి తీసింది 1895 మార్చి 26న. అంటే హీలియంకు ఆగస్టు 18, అక్టోబర్ 20, మార్చి 26 మూడూ పుట్టినరోజులే అనవచ్చు. గుంటూరుకు నిక్కచ్చిగా చెందేది మాత్రం ఎవరికీ గుర్తులేని ఆగస్టు 19.

అదే నెలలో సికింద్రాబాద్‌కూ ఒక రోజు ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్, నాలుగు రోజుల క్రితం హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి చూసి, దాని జీర్ణాశయ గోడలో పరాన్నజీవి కణాలను గుర్తించాడు. దానికి ‘దోమ దినం’ అని తనే పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడది ప్రపంచ దోమల దినోత్సవం. దోమకాటు ద్వారానే పరాన్నజీవి ఒక ప్రాణి నుంచి మరో ప్రాణికి చేరుతుందని పక్షుల మీద ఆయన నిరూపించింది మరుసటి ఏడాది కలకత్తాలో. శాస్త్రం దృష్టిలో అదే పెద్ద అడుగు కావచ్చు. అయినా ఆవిష్కర్త మనసు ఏ రోజును పట్టుకుందో ఆ రోజే నిలిచింది.

చంద్రుడి మీద తేదీ ఎంత?

రెండో చిక్కు గడియారంది. అపోలో-11 చంద్రుడి మీద దిగిన రోజుగా ప్రపంచం 1969 జులై 20ని గుర్తుపెట్టుకుంది. అది అమెరికా తేదీ. నౌక దిగేటప్పటికి మన దేశంలో జులై 21 తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపేటప్పటికి హ్యూస్టన్‌లో ఇంకా 20వ తేదీ రాత్రి 9 గంటల 56 నిమిషాలే. మన దగ్గర 21 ఉదయం 8 గంటల 26 నిమిషాలు. ఆ సమయంలో మన ఇళ్లలో రేడియో దగ్గర చెవి పెట్టి కూర్చున్నవారికి అది నిస్సందేహంగా జులై 21.

చంద్రయాన్-3 విషయంలో తంటా మన వైపు లేదు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాల ప్రాంతంలో విక్రమ్ దిగింది. అప్పటికి అమెరికాలో ఉదయం, ఐరోపాలో మధ్యాహ్నం. అంతటా 23వ తేదీయే. న్యూజిలాండ్‌లో మాత్రం అర్ధరాత్రి దాటి 24 వచ్చేసింది. అక్కడి భారతీయులు జాతీయ అంతరిక్ష దినోత్సవాన్ని మన తేదీ ప్రకారమే జరుపుకోవాలి.

ఒకే తేదీన పోయినవారు, పది రోజుల తేడాతో

మూడోదైన క్యాలెండర్ చిక్కు మరీ లోతైనది. దీనికి మూలం చిన్న భిన్నం. జూలియస్ సీజర్ కాలంలో అమల్లోకి వచ్చిన క్యాలెండర్ ఏడాదిని 365 రోజుల 6 గంటలుగా తీసుకుంది. ఋతువులు తిరిగి వచ్చే అసలు కాలం 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు. ఏడాదికి తేడా 11 నిమిషాల పైచిలుకు. 128 ఏళ్లకు ఒక రోజు. పదహారో శతాబ్దానికి వసంత విషువత్తు మార్చి 21 నుంచి జారి మార్చి 11కు వచ్చేసింది. పోప్ గ్రెగరీ ఆదేశంతో 1582 అక్టోబర్ 4 తర్వాతి రోజును అక్టోబర్ 15గా లెక్కించారు. ఇకపై వందతో భాగించబడే సంవత్సరాల్లో 400తో కూడా భాగించబడేవే లీపు సంవత్సరాలన్నారు.

కాథలిక్ దేశాలు వెంటనే పాటించాయి. ప్రొటెస్టెంట్ ఇంగ్లండ్ మాత్రం 1752 వరకు భీష్మించుకు కూర్చుంది. ఈ మధ్యకాలంలో ఐరోపాలో ఒకే రోజుకు రెండు తేదీలు నడిచాయి. షేక్‌స్పియర్ 1616 ఏప్రిల్ 23న మరణించాడు. స్పెయిన్ మహారచయిత సెర్వాంటిస్ మరణానికీ అదే తేదీ చెప్పడం పరిపాటి. యునెస్కో ప్రపంచ పుస్తక దినోత్సవానికి ఏప్రిల్ 23ను ఎంచుకోవడం వెనుక ఈ జోడింపు ఉంది. కానీ స్పెయిన్ వాడేది కొత్త క్యాలెండర్, ఇంగ్లండ్ వాడేది పాతది. షేక్‌స్పియర్ పోయిన రోజు స్పెయిన్‌లో మే 3. పైగా సెర్వాంటిస్ 22న మరణించాడనీ, 23 ఖననం జరిగిన రోజనీ చరిత్రకారుల మాట.

విజ్ఞాన పుస్తకాల్లో ఇంకో ప్రసిద్ధ వాక్యం ఉంది: ‘గెలీలియో మరణించిన ఏడాదే న్యూటన్ పుట్టాడు.’ గెలీలియో కన్నుమూసింది ఇటలీ లెక్కలో 1642 జనవరి 8. న్యూటన్ పుట్టింది ఇంగ్లండ్ లెక్కలో 1642 డిసెంబర్ 25. రెంటినీ ఒకే క్యాలెండర్‌లో పెట్టి చూడండి. కొత్త లెక్కలో న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4. పాత లెక్కలో గెలీలియో పోయింది 1641 డిసెంబర్ 29. ఎలా చూసినా సంవత్సరాలు కలవవు. ఒకరి తేదీని ఒక క్యాలెండర్ నుంచి, మరొకరిది ఇంకో క్యాలెండర్ నుంచి తీసుకుంటేనే ఆ వాక్యం నిలబడుతుంది.

ఈ గందరగోళం మన తీరానికీ వచ్చింది. 1746లో ఫ్రెంచివారు మద్రాసును ఇంగ్లీషువారి నుంచి స్వాధీనం చేసుకున్నారు. కోట లొంగిపోయిన రోజు ఇంగ్లీషు రికార్డుల్లో సెప్టెంబర్ 10, ఫ్రెంచి రికార్డుల్లో సెప్టెంబర్ 21. 1616లో పది రోజులున్న తేడా ఇక్కడ పదకొండు కావడానికి కారణం 1700వ సంవత్సరం. పాత లెక్కలో అది లీపు, కొత్త లెక్కలో కాదు. అదే రోజును ఆ చుట్టుపక్కల ఊళ్లలోని తెలుగువారు అక్షయ నామ సంవత్సరంలో ఫలానా తిథి అని లెక్కపెట్టి ఉంటారు. ఒకే సూర్యోదయానికి మూడు పేర్లు!

తిథి, తేదీ, సంక్రాంతి

మనకైతే ఇది కొత్త కాదు. చాలా ఇళ్లలో పిల్లల పుట్టినరోజు బడిలో ఒక రోజు, ఇంట్లో తిథి ప్రకారం ఇంకో రోజు జరుగుతుంది. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరగడానికి పట్టే కాలం ఒక తిథి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు చిల్లర. సౌర సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు తక్కువ. అందుకే తిథి ఏటా పదకొండు రోజులు ముందుకు జరిగి, అధిక మాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా వెనక్కి వస్తుంది. 235 చాంద్రమాసాలు దాదాపు సరిగ్గా 19 సౌర సంవత్సరాలకు సమానం. కాబట్టి పందొమ్మిదో పుట్టినరోజున తిథి, తేదీ మళ్లీ కలుస్తాయి, లేదా ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. ఇంట్లో పాత పంచాంగం ఉంటే సరిచూసుకోవచ్చు.

ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచే ఉదాహరణ స్వామి వివేకానంద జయంతి. ఆయన పుట్టింది 1863 జనవరి 12న. జాతీయ యువజన దినోత్సవం ఆ తేదీకి జరుగుతుంది. రామకృష్ణ మఠం మాత్రం పుష్య బహుళ సప్తమిని పాటిస్తుంది. అది 2023లో జనవరి 14న, 2024లో ఫిబ్రవరి 2న, 2025లో జనవరి 21న వచ్చింది.

ఇందులో అంతకన్నా ఆసక్తి కలిగించే సంగతి వేరే ఉంది. వివేకానందుడు పుట్టిన రోజు మకర సంక్రాంతి! ఇప్పుడు మనం సంక్రాంతిని జనవరి 14న లేదా 15న చేసుకుంటున్నాం. పండుగ జరిగిందా, పుట్టినరోజు జరిగిందా?

పండుగే జరిగింది. ఇంగ్లీషు క్యాలెండర్ ఋతువులకు ముడిపడి ఉంటుంది. మన సంక్రాంతి సూర్యుడు మకర రాశిలోకి ప్రవేశించడానికి, అంటే నక్షత్రాల నేపథ్యానికి ముడిపడి ఉంటుంది. భూమి అక్షం బొంగరం తలలా సుమారు 26 వేల ఏళ్లకోసారి మెల్లగా తిరుగుతుండటం వల్ల, నక్షత్రాలను బట్టి లెక్కించిన సంవత్సరం ఋతువులను బట్టి లెక్కించిన దానికన్నా దాదాపు 20 నిమిషాలు పెద్దది. లెక్క వేసి చూద్దాం. 1863 నుంచి 2023 వరకు 160 ఏళ్లు. నక్షత్ర సంవత్సరం 365.256 రోజులు కనుక మొత్తం 58,441 రోజులు. ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఆ 160 ఏళ్లకు 58,400 రోజులు, లీపు రోజులు 39 (1900 లీపు కాదు), వెరసి 58,439. తేడా రెండు రోజులు. 12కు రెండు కలిపితే 14. 2023లో సూర్యుడు మకర రాశిలో ప్రవేశించింది జనవరి 14 రాత్రే. ఆ ప్రవేశం రాత్రి జరిగినందున చాలామంది పండుగ 15న చేసుకున్నారు. 2100 కూడా లీపు సంవత్సరం కాదు కాబట్టి ఆ తర్వాత సంక్రాంతి ఇంకొక రోజు ముందుకు పోతుంది.

మొదటి తెలుగు టాకీ ఏ రోజున మాట్లాడింది?

ఇప్పటిదాకా చూసినవి సరైన తేదీల మధ్య ఎంపికలు. తేదీయే తప్పయితే? సినిమా చరిత్రలో దీనికి మన ఉదాహరణ ఉంది.

సినిమాలకు సాధారణంగా జనానికి చూపించిన మొదటి రోజునే పుట్టినరోజు అంటారు. దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ను 1913 ఏప్రిల్ 21న బొంబాయి ఒలింపియా థియేటర్‌లో ఆహూతులకు చూపించాడు, టికెట్టు కొన్న ప్రేక్షకులు చూసింది మే 3న, కొరొనేషన్‌లో. భారతీయ సినిమా వందేళ్ల పండుగకు మే 3నే ఎంచుకున్నారు. మొదటి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదలైంది. దీని మీద వివాదం లేదు.

హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో మునిపల్లె సుబ్బయ్య, సురభి కమలాబాయి నటించిన ‘భక్త ప్రహ్లాద’ మొదటి పూర్తి తెలుగు టాకీ. అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాల్లో, వ్యాసాల్లో, వేదికల మీద చెప్పుకున్నాం. ఒకరు రాసినదాన్ని మరొకరు ఎత్తి రాస్తూ వచ్చారు. అదే హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘కాళిదాస్’ మద్రాసులోని కినిమా సెంట్రల్‌లో విడుదలైంది 1931 అక్టోబర్ 31న. అందులో మాటలు ప్రధానంగా తమిళం, పాటలు తెలుగు. సెప్టెంబర్ 15 నిజమైతే దక్షిణాది తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ అవుతుంది. కాకపోతే ‘కాళిదాస్’ అవుతుంది. ఒక్క తేదీ మీద ఇంత ఆధారపడి ఉంది.

పాత్రికేయుడు రెంటాల జయదేవ ఈ తేదీకి మూలం వెతుకుతూ ఆనాటి పత్రికలు, ప్రకటనలు, ప్రభుత్వ రికార్డులు తిరగేశారు. ‘భక్త ప్రహ్లాద’కు బొంబాయి సెన్సార్ ధ్రువపత్రం వచ్చింది 1932 జనవరి 22న. ధ్రువపత్రం లేకుండా సినిమాను బహిరంగంగా ప్రదర్శించడం చట్టరీత్యా కుదరదు కాబట్టి, ఈ ఒక్క కాగితంతోనే 1931 తేదీ వీగిపోయింది. బొంబాయి కృష్ణా సినిమా హాలులో చిత్రం విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న.

ఇక్కడ గమనించాల్సింది ఆధారం స్వభావం. ఎవరి జ్ఞాపకంలోనో మిగిలిన తేదీ కన్నా, ఆ రోజున ఆ పని కోసమే పుట్టిన కాగితానికి బలం ఎక్కువ. సెన్సార్ అధికారికి మన చరిత్ర మీద ఆసక్తి లేదు. రుసుము తీసుకుని, సినిమా చూసి, తేదీ వేసి ముద్ర కొట్టాడు. అందుకే ఆ తేదీని నమ్మవచ్చు. ప్రయోగశాలలో కృష్ణన్ దినచర్యకూ ఇదే విలువ. నోబెల్ బహుమతి వస్తుందని తెలియకముందే, ఆ పూట కనిపించింది ఆ పూటే రాసి పెట్టారు.

పాత తేదీ ఇప్పటికీ కొన్ని జాబితాల్లో తిరుగుతూనే ఉంది. 1931 లెక్కతో తెలుగు సినిమా 75 ఏళ్ల వజ్రోత్సవాలు హైదరాబాద్‌లో 2007 జనవరి నెలాఖరున ఘనంగా జరిగాయి. 1932 ఫిబ్రవరి 6 నుంచి లెక్కపెడితే, పందిళ్లు విప్పేసిన కొద్ది రోజులకు 75 ఏళ్లు నిండాయి.